ఆయమ్మ పిడి

రాయదుర్గంలో ఎవరి చేతికీ పట్టని పనిముట్లను ఒకే రోజు, ఒకే బేరంలో అరవై సెట్లు కొన్న మొనగాడు ఎవరైనా ఉన్నాడంటే అది నేనే. ఈ విషయంలో నాకు పోటీ వచ్చినవాడు ఇంతవరకు లేడు. ఇకముందు వస్తాడనే భయం కూడా లేదు.

బెంగళూరు టోకు బజారులో పొద్దున పది గంటలకు బేరం మొదలుపెట్టి సాయంత్రం దీపాలు వెలిగించేదాకా సాగదీశాను. సెట్టు రెండు వందల నలభై అన్నాడు టోకు వ్యాపారి. లేచి బయటికి పోయినాను, తిరిగొచ్చినాను, మళ్ళీ లేచినాను. మధ్యాహ్నం అతని దుడ్లతోనే భోంచేసి, భోజనం బాగలేదని ఇంకో పది రూపాయలు దించినాను. చివరికి సెట్టు తొంభై ఐదుకు తెగింది. ఉన్న అరవై సెట్లూ నేనే ఎత్తుకోవాలనేది ఒక్కటే అతని షరతు. మూటలు కట్టించేటప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఒక మనిషిని ఏడిపించేంత బేరమాడినానే అని మురిసిపోయినాను. అవి సంతోషంతో వచ్చిన నీళ్ళని నాకు మూడు నెలలకు గాని తెలియలేదు.

సెట్టుకు పదకొండు. ఐదు స్క్రూడ్రైవర్లు, ఆరు సాకెట్ డ్రైవర్లు. సాకెట్ డ్రైవరంటే కొసన చదును నాలుక ఉండదు, నట్టును చుట్టూ కరిచి పట్టుకునే గొట్టం ఉంటుంది. ఇనుము గట్టిదే. గొట్టం లోపల ఆరు పలకలూ నిక్కచ్చిగా ఉన్నాయి. తప్పంతా పిడిలో ఉంది. మామూలు పిడిలో సగం లావు. మా అంగడికి వచ్చేది బోరు మోటార్లు ఎత్తేవాళ్ళు, ట్రాక్టర్లు విప్పేవాళ్ళు. వాళ్ళ అరచేతిలో ఆ పిడి పెడితే యాడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఒక ట్రాక్టర్ మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమన్నా, ఇది చెవిలో తిప్పుకునేదా?" అని అడిగినాడు. ఇంకొకడు తన కూతురికి బొమ్మల పెళ్ళి ఉందని, అప్పుడు తీసుకుంటానని చెప్పి పోయినాడు.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. వచ్చిన ప్రతి గిరాకీకీ అటక వైపు వేలు చూపించి, "మావాడు బెంగళూరులో పొద్దంతా బేరమాడి తెచ్చినాడు" అని పొగిడేవాడు. ఆ పొగడ్త నేను ఏడాదిన్నర విన్నాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన వారం జీన్స్ షెడ్డులో పని చేసే ఒకామె అంగడికి వచ్చి, "అన్నా, ఆయమ్మ పిడి డ్రైవర్లు ఉండాయా?" అని అడిగింది. లేవన్నాను. మళ్ళీ ఎప్పుడొస్తాయంది. రావన్నాను. పోతూ పోతూ, "ఆయమ్మ కూడా పాయ గదన్నా, రెండు నెల్లాయ" అంది, నాకు తెలిసే ఉంటుందన్నట్టు. నాకు తెలియదు.

ఆయమ్మకు పేరు లేకపోలేదు. మా పద్దు పుస్తకంలో మాత్రం ఎక్కడా ఉండదు. ఎందుకంటే ఆమె ఎప్పుడూ అప్పు పెట్టలేదు. అప్పు పెట్టనివాళ్ళ పేర్లు మేము గుర్తుపెట్టుకోము. అప్పు పెట్టినవాళ్ళ తాతల పేర్లు కూడా చెప్పగలము.

రెండు వేల ఒకటో, రెండో. ఎండాకాలం. ఊళ్ళో ఏ సందులోకి పోయినా జీన్స్ మిషన్ల చప్పుడే. వానలు లేక పొలాలు ఎండబెట్టుకున్న ఇళ్ళ ఆడవాళ్ళంతా ఆ మిషన్ల ముందర కూర్చున్నారు. బజార్లో ఎవరి అరచెయ్యి చూసినా నీలంగా ఉంటే ఆమె ప్యాంట్లు కుడుతుందని లెక్క. ఆమె అరచేతులు కూడా నీలంగానే ఉన్నాయి. నలభై ఏళ్ళుంటాయి, సన్నటి మనిషి. అంగడి బల్ల ముందర నిలబడి, "పిడ్లు చూపించు" అంది.

"ఏం పిడ్లక్కా? పారకా, గొడ్డలికా?"

"డ్రైవర్ల పిడ్లు. స్క్రూడ్రైవర్లు, సాకెట్‌వీ."

ఏ నెంబరు కావాలని అడిగినాను. నెంబరు సంగతి తర్వాత, ముందు పిడి చూడాలంది. బట్టల అంగడికొచ్చి గుండీలు చూపించమన్నట్టు అనిపించింది నాకు. అయినా గిరాకీ గిరాకీనే. ఒక డ్రైవరు తీసి ఇచ్చినాను. ఆమె కొంగు ముడిలోంచి గుడ్డ మీద గీత గీసే తెల్ల సుద్ద ముక్క తీసి, అరచేతినిండా గోడకు సున్నం కొట్టినట్టు పూసుకుంది. ఆ డ్రైవరు కొసను మా బల్లకు బిగించిన, ఇనుము కదలకుండా పట్టుకునే వైసులో పెట్టి బిగించమంది. బిగించినాను. పిడి పట్టుకుని బలంకొద్దీ తిప్పింది. తర్వాత చెయ్యి తెరిచి నాకు చూపించింది. వేళ్ళ కొసల్లో, బొటనవేలి మొదట్లో మాత్రం సుద్ద చెదిరి నీలం కనిపిస్తోంది. మధ్యలో తెల్లగా అట్లే ఉంది.

"చూస్తివా? నడుమ అంటనే లేదు. నా చెయ్యి దీన్ని పట్టుకోలే, ఊరికే తాకింది."

ఇట్లా పద్నాలుగు రకాలు. ప్రతిదానికీ సుద్ద పూసుకోవడం, వైసులో తిప్పడం, చెయ్యి తెరిచి చూడడం, తల అడ్డంగా ఊపడం. మా సామానంతా పెళ్ళి పందిరి గుంజల మాదిరి తెల్లమచ్చలతో నిండిపోయింది. నేను మా అంగట్లో ఎప్పుడూ చెప్పే పాఠం చెప్పినాను. లావు పిడికి బలం ఎక్కువక్కా, పెద్ద పెద్ద మెకానిక్కులంతా లావుదే తీసుకుంటారని.

ఆమె సుద్ద దులుపుకుంటూ, "బలం పిడిలోనే ఉంటే చెయ్యెందుకప్పా? పిడినే పనికి పంపు, జీతం నేను తీసుకుంటా" అంది.

నాయన గల్లా పెట్టె వెనకనుంచి నవ్వు ఆపుకుంటూ అటక వైపు చూసినాడు. నేను నిచ్చెన ఎక్కి ఒక సెట్టు దించినాను. అట్ట పెట్టె మీద దుమ్ము అంగుళం మందాన ఉంది. ఆమె సుద్ద పూసుకుంది, పిడి పట్టుకుంది, తిప్పింది, చెయ్యి తెరిచింది. అరచేతికి అడ్డంగా ఈ చివరినుంచి ఆ చివరిదాకా పట్టీ వేసినట్టు నీలం. నడుమ ఒక్క చుక్క కూడా తెలుపు మిగల్లేదు.

అప్పుడు ఆమె ఏ గిరాకీ చేయకూడని తప్పు చేసింది. ఆ పిడిని ఇంకోసారి పట్టుకుని, "ఇది నా చేతికే చేసినట్టుంది" అంది. అంతటితో ఆగినా నేను కొంచెం మంచివాణ్ణి అయ్యుండేవాణ్ణేమో. ఆమె ఆగలేదు, తన అవసరమంతా నా ముందర విప్పి పెట్టింది.

ఆమె రైలు స్టేషను అవతల ఒక యూనిట్లో పీసు లెక్కన కుడుతుంది. ఇరవై మిషన్లు. మిషను చెడితే బళ్ళారినుంచి మెకానిక్ రావాల, అతను వచ్చేది శుక్రవారం. సోమవారం చెడితే ఆ మిషను ముందరి మనిషికి నాలుగు రోజులు కూలి లేనట్టే. అందుకని మూడేళ్ళనుంచి ఆమే కత్తెర కొసతో, కూరగాయల కత్తితో తోచినట్టు బాగు చేస్తోంది. దానికి ఓనరు ఇచ్చేది ఒక టీ. ఈ మధ్య బళ్ళారి మనిషి రేటు పెంచినాడట. ఆ కోపంలో ఓనరు, "నువ్వే ఉండరాదా మెకానిక్కుగా? నెలకు రెండు వేల ఐదు నూర్లు ఇస్తా" అన్నాడు. ఆమెకు పీసు కూలి మీద నెలకు పధ్నాలుగు నూర్లు దాటదు. కానీ జీన్స్ యూనిట్లలో ఒక పద్ధతి ఉంది. మెకానిక్ అన్నవాడు సొంత పనిముట్ల సంచితో రావాల. సంచి లేకపోతే అతను మెకానిక్ కాదు, మిషను పక్కన నిలబడిన మనిషి, అంతే. "శుక్రవారం బళ్ళారాయన వస్తాడు. ఆయన ముందర నీ సంచి పెట్టు, ఆయన సంచి ఎత్తి పంపిస్తా" అన్నాడట ఓనరు.

"ఈపొద్దు మంగళవారం గదా" అంది ఆమె. "పొద్దునుంచి మూడు అంగళ్ళు తిరిగినా. ఈడ దొరికె."

నాయన రెండుసార్లు దగ్గినాడు. మా అంగట్లో ఆయన దగ్గుకు అర్థాలున్నాయి. ఒకసారి దగ్గితే ధర దించొద్దని. రెండుసార్లు దగ్గితే పెంచమని. పాపం ఆయన మీదికి తోసేయాలని నాకూ ఉంది. కానీ నిజం చెప్పాలంటే, ఆయన దగ్గకముందే నా నోట్లోంచి నాలుగు వందల ఇరవై అనే మాట వచ్చేసింది.

ఆమె కొంగు విప్పి చూపించింది. రెండు వందల యాభై ఉన్నాయి. "ఇంతే ఉండేది" అంది.

"నాలుగు వందల ఇరవై అక్కా. పైసా తగ్గదు."

ఆమె వాదించలేదు. తను పట్టుకున్న పిడిని కొంగుతో శుభ్రంగా తుడిచింది, పెట్టెలో దాని గాడిలో పెట్టింది, మూత వేసి నా వైపు జరిపింది. మెట్లు దిగింది. బేరం తెలిసినవాళ్ళకు ఒక లెక్కుంటుంది. గిరాకీ మెట్లు దిగి మూడడుగులు వేసి వెనక్కి చూస్తుంది, అప్పుడు మనం ఇరవై తగ్గించాల. నేను మూడడుగులు లెక్కబెట్టినాను. సోడా అంగడి దాకా లెక్కబెట్టినాను. వీధి మలుపు దాకా లెక్కబెట్టినాను. ఆమె తల తిప్పలేదు.

"వస్తాదిలే" అన్నాడు నాయన. "శుక్రవారం దాకా టైముండాది."

గురువారం సాయంత్రం ఆ పెట్టె దుమ్ము తుడిచి బల్ల మీద కనిపించేటట్టు పెట్టినాను. మూడు వందల యాభైకి దిగుదామని మనసులో ఒక అంకె కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె రాలేదు.

శుక్రవారం ఏమైందో నాకు ఓనరే చెప్పినాడు, తర్వాత మోటరు బెల్టులకు వచ్చినప్పుడు. తమాషా కథ చెప్పినట్టు చెప్పినాడు. ఆమె గుజిరీ సామాన్ల వాడి దగ్గర పాత డ్రైవర్లు ఏరుకుందట. లావు పిడ్లను గాజుపెంకుతో గీకి, జీన్స్ గుడ్డ పేలికలు చుట్టి తెచ్చిందట. బళ్ళారి మెకానిక్ చేతులు కట్టుకుని పక్కన నిలబడినాడు. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను అడుగున బిగుసుకుపోయిన ఒక స్క్రూ విప్పమన్నారు. ఆమె బలంకొద్దీ తిప్పేసరికి పేలిక తిరిగింది గాని పిడి తిరగలేదు. డ్రైవరు జారి స్క్రూ తల అరిగిపోయింది. దాన్ని బళ్ళారాయన రంధ్రం తొలిచి తీసి, దానికి వేరే దుడ్లు తీసుకున్నాడు.

"సంచి తెచ్చుకోమంటే మూట తెచ్చింది" అని ఓనరు విరగబడి నవ్వినాడు. నేనూ నవ్వినాను. గిరాకీ నవ్వితే అంగడివాడు నవ్వాల. నవ్వి ఊరుకున్నా బాగుండు, "ఆడోళ్ళ చేతికి అదెట్లా వస్తాదిలేన్నా" అని నా వంతు కూడా కలిపినాను. ఆ సెట్టు అప్పటికీ నా మోచేతి పక్కనే ఉంది.

పై నెల కూలి దినం మరుసటి రోజు ఆమె వచ్చింది. నన్ను చూడ్డానికి కాదు, పెట్టెను చూడ్డానికి.

"ఒక్కటి ఇయ్యి. ఏడు నెంబరు సాకెట్‌ది."

సెట్టు విడగొట్టకూడదని వ్యాపారం నేర్చుకున్న రోజునుంచి వింటున్న మాట. కానీ ఈ సెట్టును మొత్తంగా కొనేవాడు భూమ్మీద లేడని కూడా నాకు తెలుసు. ఒక్కొక్కటి నలభై ఐదు అన్నాను. పదకొండుకు లెక్కేస్తే నాలుగు వందల తొంభై ఐదు అవుతుందని ఆమెకు తెలియకుండా ఉండదు. నలభై ఐదు తీసి బల్ల మీద పెట్టింది. ఇవ్వబోతుంటే ఆగమంది. సుద్ద ముక్క తీసింది.

"అదే పిడక్కా. పోయిన నెల చూసుకుంటివి గదా."

"పోయిన నెల చెయ్యి వేరేప్పా. ఈ నెల ఎన్ని ప్యాంట్లు కుట్టింటానో నీకేం తెలుసు? యాడో ఒకచోట తోలు మందమై ఉంటాది."

అట్లా నెలకొకటి. ప్రతి నెలా సుద్ద, వైసు, తెరిచిన అరచెయ్యి. కొన్నాక వెంటనే పోయేది కాదు. తొందరేమీ లేనట్టు మా పై మెట్టు మీద కూర్చునేది. ఎవరైనా మేకులకో తాళానికో వస్తే, మేము వాళ్ళతో బేరమాడేది సినిమా చూసినట్టు చూసేది. ఎవరినీ వెనకేసుకొచ్చేది కాదు, ఎవరికీ సలహా చెప్పేది కాదు. ఒక్కసారి మాత్రం, నాయన ఒక రైతును చూసి రెండుసార్లు దగ్గితే, "పెద్దాయనా, మిరియాల కషాయం తాగు. నీకు గిరాకీ వచ్చినప్పుడే వస్తాంది ఆ దగ్గు" అంది. రైతు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసినాడు. నాయన ఆ తర్వాత వారం రోజులు దగ్గలేదు. నిజంగా దగ్గొచ్చినా లోపలికి పోయి దగ్గి వచ్చేవాడు.

కొన్న డ్రైవరుతో మధ్యాహ్నం అన్నం టైములో మిషన్లు విప్పి బిగించి చూసుకునేదట. నెలకొక నెంబరు వచ్చే కొద్దీ ఆ నెంబరు నట్లన్నీ ఆమె చేతికిందికి వచ్చేవి. ఓనరు టీ ఇస్తూనే ఉన్నాడు. మెకానిక్ జీతం బళ్ళారికి పోతూనే ఉంది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో నాకే ఒక మాదిరిగా అనిపించి, "మిగిలినవి ఒకేసారి తీసుకోరాదా అక్కా, తగ్గిస్తాలే" అన్నాను. తగ్గిస్తానని నా అంతట నేను అనడం నా జీవితంలో అదే మొదటిసారి, కాబట్టి నాకు బాగా గుర్తుంది.

"తగ్గించొద్దు" అంది. నలభై ఐదు పెట్టి పోయింది.

నాకు కోపమొచ్చింది. బేరమాడనివాళ్ళను చూస్తే మాకు అనుమానం. వాళ్ళ మనసులో ఏముందో తెలీదు.

పదకొండో నెల పదకొండోది తీసుకుంది. ఆ నెలలోనే ఒక శుక్రవారం, జీన్స్ గుడ్డతో తనే కుట్టుకున్న సంచి ఓనరు ముందర పరిచిందట. పదకొండు గదులు, ఒక్కో గదిలో ఒక్కోటి. ఈ కథ కూడా ఓనరే చెప్పినాడు, ఈసారి నవ్వలేదు. ఆ రోజు ఆరు మిషన్లు నిలిచిపోయి ఉన్నాయి. ఆదివారం సరుకు లారీకి ఎక్కించాల. బళ్ళారాయన రాలేదు. ఆమె ఒక మిషను విప్పి, బాగు చేసి, నడిపించి చూపించింది. ఓనరు సంతోషపడి, సరే పద్దెనిమిది నూర్లు ఇస్తానన్నాడు. ఆడమనిషికి అదే ఎక్కువన్నాడు.

ఆమె ఒక్కొక్కటే తుడిచి గదుల్లో పెట్టుకుంది. సంచి చుట్టి చంకలో పెట్టుకుంది. బయటికి నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఓనరు నాకంటే మంచి వ్యాపారస్థుడు. నేను వీధి మలుపు దాకా లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాను, అతను గేటు దాకా చెప్పుల్లేకుండా ఎండలో పరుగెత్తినాడు. "రెండు వేల ఐదు నూర్లకు ఒప్పుకుంటే గాని వెనక్కి రాలేదప్పా, కాళ్ళు బొబ్బలెక్కినాయి" అని నాకు చూపించినాడు కూడా.

ఆ తర్వాత జరిగింది చెబితే నా వ్యాపార తెలివికి మీరు చేతులెత్తి మొక్కాలి. ఊళ్ళోని జీన్స్ షెడ్ల ఆడవాళ్ళు ఒక్కొక్కరే మా అంగడికి రావడం మొదలుపెట్టినారు. మెకానిక్కులు కావాలని కాదు, ఎవరి మిషను స్క్రూలు వాళ్ళు బిగించుకుంటే కూలి పోదని. అందరూ ఒకటే మాట, "ఆయమ్మ పిడి ఇయ్యన్నా." కొందరు సుద్ద ముక్క కూడా తెచ్చుకునేవాళ్ళు. ధర నేను చెప్పే పనే లేదు. "ఆయమ్మ నలభై ఐదుకు తీసుకున్యాది గదా" అని వాళ్ళే పెట్టేవాళ్ళు. బేరమాడడానికి గొంతు సవరించుకుని కూర్చున్న నాకు నోరు విప్పే అవకాశమే రాలేదు. రెండేళ్ళలో అటక ఖాళీ. నాయన వచ్చిన ప్రతి గిరాకీకీ ఖాళీ అటక చూపించి, "మావాడు ముందుచూపుతో తెచ్చినాడు" అని చెప్పేవాడు. నేను కాదనలేదు. పైగా ఇంకో నూరు సెట్లు తెద్దామని బెంగళూరు పోయినాను. టోకు వ్యాపారి నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసి, భోజనం తెప్పించి, ఆ పిడి చేసే కంపెనీ దాన్ని ఎప్పుడో మానేసిందని చెప్పినాడు. అంత చిన్న చేతులు ఎవరికుంటాయని మానేసినారట.

ఆమెతో నేను సరిగ్గా మాట్లాడింది ఇంకొక్కసారే. అది ఆరేడేళ్ళ తర్వాత. అప్పటికి నాయన పోయినాడు. గల్లా పెట్టె వెనక నేను కూర్చున్నాను. ఆమె మిషను నూనె డబ్బాకు వచ్చింది. జుట్టు సగం నెరిసింది, అరచేతుల్లో నీలం పోయి నూనె నలుపు వచ్చింది. ఇప్పుడు మూడు యూనిట్లకు ఆమే మెకానిక్. ఆమెను కూర్చోబెట్టి సోడా తెప్పించినాను. మనిషికి గల్లా పెట్టె వెనక కుర్చీ దొరికితే మంచితనం కూడా పుట్టుకొస్తుంది.

"ఆ రోజు ఒక్క మాట అప్పు అడిగింటే ఇచ్చుందును గదక్కా" అన్నాను.

"ఇచ్చేవాడివైతే అడిగేదాన్నే" అంది, సోడా తాగుతూ.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. "తొంభై ఐదుకు తెచ్చుకున్నదానికి నాలుగు వందల ఇరవై అంటివి. అంత ఎట్ల నోరొచ్చిందప్పా?"

నాకు సోడా పొరబోయింది. మేము కొన్న ధర ఎప్పుడూ అంకెల్లో రాయము. నాయన పెట్టిన గుర్తులుంటాయి, అంకెకొకటి. కొడవలి గీస్తే తొమ్మిది, గొడుగు గీస్తే ఐదు. పెట్టె మూలలో పెన్సిలుతో సన్నగా గీస్తాము. ఆ గుర్తులు మా ఇంట్లో మా అమ్మకు కూడా చెప్పలేదు.

"నెలనెలా మెట్టు మీద కూచుని చూస్తావుంటి గదా" అంది ఆమె. "గొడుగు ఒక్కటే గీసిన తాళాన్ని నువ్వు ఎవరికీ అయిదు రూపాయల కిందికి దించవు. కొడవలి గీసిన గడియను తొమ్మిది కిందికి దించవు. యాడ ఆగుతావో చూస్తే ఏ గుర్తు ఎంతో తెలిసిపోతాది. నా పెట్టె మీద కొడవలి, గొడుగు. నాలుగో నెలకే తెలిసిపాయ."

నాలుగో నెలకే. అంటే తర్వాత ఏడు నెలలు, పదకొండు కలిపి తొంభై ఐదుకు వచ్చినవని తెలిసి కూడా, ఒక్కోదానికి నలభై ఐదు పెట్టి పోయింది. నేను తగ్గిస్తానంటే వద్దంది. ఇంత తెలిసి నా మొహాన కొట్టి అడగకుండా ఎందుకు ఊరకున్నావని అడిగినాను.

ఆమె ఖాళీ సోడా సీసా బల్ల మీద పెట్టింది.

"నీ దగ్గర బేరమాడి తగ్గించుకోని పోయింటే, ఓనరు నా జీతం బేరమాడేటప్పుడు నేను ఏ మొహంతో నిలబడాలప్పా? చెప్పిన రేటు ఇచ్చి అలవాటు కావాల. అప్పుడే చెప్పిన రేటు అడగను వస్తాది. ఆ పొద్దు ఓనరు పద్దెనిమిది అన్నప్పుడు నా నోట్లో ఇరవై రెండు నూర్లన్నా ఇయ్యన్నా అనే మాట వచ్చె. నీ అంగట్లో పదకొండు నెల్లు మూసుకున్న నోరు గదా, మూసుకునే ఉండె."

నూనె డబ్బా ధర అడిగింది. చెప్పినాను. ఇచ్చింది. చిల్లర లెక్కబెట్టుకుని మెట్లు దిగింది.

ఇప్పుడు ఆమె లేదు కాబట్టి లెక్క తేల్చే పని నా ఒక్కడిదే. లెక్క రాని ఇంట్లో పుట్టలేదు. ఇన్నాళ్ళూ కాగితం మీద పెట్టలేదు, అంతే. పెడుతున్నాను.

అరవై సెట్లు, తొంభై ఐదు లెక్కన, నేను పెట్టింది ఐదు వేల ఏడు వందలు. విడి విడిగా ఆరు వందల అరవై డ్రైవర్లు నలభై ఐదు లెక్కన అమ్మితే వచ్చింది ఇరవై తొమ్మిది వేల ఏడు వందలు. నాకు మిగిలింది ఇరవై నాలుగు వేలు. అందులో నా తెలివికి ఎంత పడుతుందని ఒక గంట ఆలోచించి సున్నా వేసినాను. కొన్నవాళ్ళంతా ఆమె పిడి అని అడిగి కొన్నవాళ్ళే.

ఇక ఆమె వైపు. మెకానిక్ జీతం రెండు వేల ఐదు వందలు, పీసు కూలి పధ్నాలుగు వందలు, తేడా నెలకు పదకొండు వందలు. పదకొండు నెలలకు పన్నెండు వేల ఒక వంద. ఆ మొదటి శుక్రవారం సరైన సంచి ఉన్నా ఓనరు ఇంకేదో వంక చెప్పుండేవాడులే అని పక్కన రాసి, ఈ మొత్తం కొట్టేయబోయినాను. కానీ పదకొండు నెలల తర్వాత అదే ఓనరు, అదే పనిముట్లు చూసి, అదే జీతం ఇచ్చినాడు. అందుకని ఆ వంకనే కొట్టేసి, మొత్తాన్ని అట్లే ఉంచినాను.

మంగళవారం నేను చెప్పింది నాలుగు వందల ఇరవై. ఆమె కొంగులో ఉన్నది రెండు వందల యాభై. నేను పట్టుబట్టింది నూట డెబ్బై రూపాయలకు. ఆమె చూపించిన రెండు వందల యాభై తీసుకుని ఆ పెట్టె ఇచ్చేసి ఉంటే, నాకు ఖర్చు పోను నూట యాభై ఐదు రూపాయలు లాభం.